సైన్యం నుంచి వచ్చి ప్లంబింగ్ నేర్చుకుంటున్నారా? పైపు కోసే ముందు జాగ్రత్తలు

ఆయుధం చేతికి రాగానే ఖాళీగా ఉందో లేదో మీరే చూసుకునే అలవాటు ఇక్కడా వదలకండి. "వాల్వ్ కట్టేశాం" అన్న మాట నమ్మి రంపం పెట్టొద్దు.

• వాల్వ్ కట్టాక అన్నిటికన్నా కింది కుళాయి, పై కుళాయి రెండూ తెరవండి. పైది మూసి ఉంటే గాలి చొరబడక నీళ్లు పైపులోనే నిలుస్తాయి, కోయగానే మీద పడతాయి.

• గీజర్ కరెంటు ఆపి, నీళ్లు చల్లారనివ్వండి.

• సీపీవీసీ (వేడి నీళ్లకూ వాడే ప్లాస్టిక్ పైపు) జాయింట్ దగ్గరే కొత్తవాళ్లకు ఎక్కువ లీకులు వస్తాయి. కోత తిన్నగా ఉండాలి, అంచు గీకి తడి తుడవాలి. సిమెంట్ (ఈ పైపులు అతికించే ద్రవం, ఇంటి సిమెంట్ కాదు) పూయకుండా పైపును ఒకసారి దూర్చి చూడండి: సాకెట్ (ఫిట్టింగ్‌లో పైపు దూరే భాగం) లోతులో మూడో వంతుకు, మూడింట రెండు వంతులకు మధ్య బిగుసుకోవాలి. వదులుగా అడుగు దాకా జారిపోతే ఆ ఫిట్టింగ్ పక్కన పెట్టేయండి, ఎంత సిమెంట్ పూసినా ఆ జాయింట్ నిలవదు. పూశాక పావు చుట్టు తిప్పి, దాదాపు 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లేదంటే పైపు వెనక్కి జరుగుతుంది.

• సిమెంట్ ఆవిరి మండుతుంది. కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట వద్దు.

• డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, నీళ్లతోనే టెస్ట్ చేయండి. కంప్రెసర్ గాలి పెట్టారా, ప్లాస్టిక్ పగిలి ముక్కలు ఎగురుతాయి.