కాటలీనా కిట్ అతికించే ముందు

వేసవి సెలవులొస్తున్నాయి, బెజవాడలో కిట్ డబ్బాలు అటక దిగే రోజులు. కాటలీనా అంటే నీళ్ళమీద దిగే పాత విమానం; దాని 1/72 ప్లాస్టిక్ బొమ్మ (అసలులో 72వ వంతు) మొదలుపెట్టేవాళ్ళు జిగురు మూత తీసేలోపు ఇవి చూసుకోండి.

• ముక్కులో బరువు. కాటలీనాలో చక్రాలున్న రకం, పీబీవై-5ఏ అయితే పొట్ట మూయకముందే ముందుభాగంలో సీసం గుండ్లు అతికించాలి. లేదంటే తోకమీద కూలబడుతుంది, మూశాక విప్పే దారి లేదు. రెక్కని, తోకని టేపుతో కట్టి, పెద్ద చక్రాలుండే చోట వేళ్ళమీద నిలిపి చూడండి. ముక్కు కిందికి వాలాలి. వాలినా సరే, ఇంకో రెండు గుండ్లు వెయ్యండి. చక్రాల్లేని పీబీవై-5కి ఈ గొడవే లేదు.

• పక్క బుడగ అద్దాలకి సూపర్ గ్లూ వద్దు, ఆవిరికి మసకబారతాయి. ఫెవికాల్ చాలు.

• అసలు రెక్క దాదాపు 32 మీటర్లు, మీ చేతిలో 44 సెంటీమీటర్లు. సన్నటి మెడ, నాలుగు ఊతకర్రలే ఆధారం. జిగురు ఆరకముందే రెండు కొసల ఎత్తూ స్కేలుతో కొలవండి.

• కొసల తేలుడు బుడ్లు ఎగిరేటప్పుడు పైకి, నీళ్ళమీద కిందికి. ముందే తేల్చుకోండి. పున్నమి ఘాట్‌లో 2024లో దిగిన ట్విన్ ఆటర్ సీప్లేన్‌ని చూసి పొట్టకింద తెప్పలు వెతక్కండి, దీనికి పొట్టే పడవ.

• మేడమీద ఎండలో ఆరబెట్టొద్దు. మన ఎండకి రెక్క అప్పడంలా వంకరపోతుంది.