సిగ్నల్ గీతలు కాదు, అంకె చూడండి

ఆనందపురం జంక్షన్‌లో మాది చిన్న సెల్ రిపేరు షాపు. పద్మనాభం, భీమిలి వైపు పల్లెల నుంచి పూల మార్కెట్‌కు వచ్చేవాళ్లు, బుట్టలు దించేశాక ఇటొస్తారు. "బాబూ, ఫోను పాడైపోనాది, ఇంట్లో మోగట్లేదు" అంటారు. నా బల్ల మీద పెడితే శుభ్రంగా మోగుతుంది. ఫోనుకేమీ కాలేదు, వాళ్లింట్లోకి సిగ్నల్ రావట్లేదంతే. అలాంటివాళ్లకు కొత్త ఫోను అమ్మితే నాకు లాభమే గానీ, వారం తిరక్కుండా మళ్లీ నా మీదికే వస్తారు. అందుకే ముందు కొలిచి చూసుకోమంటాను.

గీతల్ని నమ్మొద్దు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోను తయారుచేసేవాడి ఇష్టం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ డీబీఎంలలో (సిగ్నల్ బలానికి కొలత) కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. అంకె ముందు మైనస్ ఉంటుంది, దాని తర్వాతి సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచిది. 4జీలో మైనస్ 90 దగ్గరుంటే దిగుల్లేదు. 105 దాటితే మాట తెగుతుంటుంది. 115 దాటితే ఫోను ఉన్నా లేనట్టే. పది తేడా అంటే సిగ్నల్ బలంలో పది రెట్ల తేడా, అది మాత్రం మర్చిపోవద్దు.

వంటింట్లో, అరుగు మీద, పెరట్లో, మేడ మీద ఒక్కోచోట నిమిషం నిలబడి అంకె కాగితం మీద రాసుకోండి. అంకె మారడానికి కాస్త టైం పడుతుంది, తొందరపడొద్దు.

బయట 90, లోపల 112 వస్తే తప్పు ఇంటిది. స్లాబు, గోడలు కొంత తినేస్తాయి, ఇనప రేకుల కప్పయితే చెప్పక్కర్లేదు. సిమెంటు రేకులు అంత అడ్డం కావు. టవర్ వైపున్న కిటికీలో ఫోను పెట్టి బ్లూటూత్‌లో మాట్లాడటం ఖర్చులేని పని. ఇంటికి ఫైబర్ నెట్ ఉంటే ఇంకేమీ కొనొద్దు, సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి. మామూలు నెంబరుకే, మామూలు కాల్‌లాగే వస్తుంది. ఎయిర్‌టెల్ 2019 చివర్లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. ఇప్పటికీ మా దగ్గరికొచ్చే సగం మందికి అదుందని తెలీదు!

బయట కూడా 112 వస్తే అడ్డం కొండదో, దూరానిదో. పద్మనాభం కొండకు ఇవతల టవర్ ఉండి మీ ఇల్లు అవతల ఉంటే, కొండ వెనక ఎండ పడనట్టే సిగ్నలూ పడదు. జీడితోటలు, సరుగుడు తోటలు కూడా తక్కువేం కాదు, వాన పడి ఆకులు తడిస్తే ఇంకాస్త మింగుతాయి. ఇక్కడ వేరే కంపెనీ సిమ్‌కు మారడమే పెద్ద మందు. ఏ టవర్ ఎక్కడుందో ప్రభుత్వం వారి తరంగ్ సంచార్ వెబ్‌సైటులో చూడొచ్చు. సిగ్నల్ వేర్వేరు బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీలలో) వస్తుంది; 700, 850, 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ 1800, 2300 కంటే దూరం వెళ్తుంది, గోడల్లోంచీ బాగా దూరుతుంది. మీ ఫోనులో ఆ బ్యాండ్లు ఉన్నాయో లేదో కొనే ముందే అడగండి. వెంటనే పోర్ట్ (అదే నెంబరుతో వేరే కంపెనీకి మారడం) పెట్టకండి, ఒకసారి మారితే మళ్లీ 90 రోజులు ఆగాలి. రెండో స్లాట్‌లో చిన్న రీఛార్జితో సిమ్ వేసి అంకె చూసుకున్నాకే 1900కు మెసేజ్ పంపండి. పెద్దవాళ్లకు పాత 2జీ కీప్యాడ్ ఫోను ఉంటే జియో సిమ్ పనికిరాదు, జియోకు 2జీ లేదు. 5జీ వస్తూ పోతూ ఉంటే ఫోనును 4జీకే కట్టేయండి, బ్యాటరీ మిగులుతుంది.

పిల్లల చదువుకో, వర్క్ ఫ్రమ్ హోమ్‌కో నెట్ కావాలంటే సిమ్ వేసే అవుట్‌డోర్ రూటర్‌ను మేడ మీద పైపుకు బిగించి, అక్కడి నుంచి లాన్ వైరు కిందికి దించండి. యాంటెన్నా పైన, రూటర్ కింద పెట్టి మధ్యలో సన్న కేబుల్ పొడుగ్గా లాగితే, యాంటెన్నా సంపాదించిందంతా దారిలోనే పోతుంది. లాన్ వైరుకు వంద మీటర్ల దాకా ఆ బాధ లేదు. టవర్ వైపు మెల్లగా తిప్పుతూ అంకె చూసి బిగించండి. పైపుకు ఎర్తింగ్ తప్పదు, పిడుగుల వాన వచ్చేముందే వైరు పీకేయండి.

ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ మాత్రం వద్దు. లైసెన్సు లేకుండా పెట్టడం, అమ్మడం నేరం. అది మీ ఇంట్లో పెంచేది కొంచెం, చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకు చేసే చెరుపు ఎక్కువ. అడిగినవాళ్లకు నా దగ్గర లేదనే చెబుతాను.

"ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనబడితే కంగారుపడొద్దు. వేరే కంపెనీ టవర్ మీద కూడా అత్యవసర నెంబరు 112 కలుస్తుంది.

కరెంటు పోయిన కాసేపటికే సిగ్నల్ పోతుంటే టవర్ బ్యాటరీ అయిపోతోందని అనుమానించాలి. దానికి ఇంట్లో మందు లేదు. పోయిన టైము, వచ్చిన టైము, ఇందాక రాసుకున్న అంకెలు దగ్గర పెట్టుకుని కంపెనీ ఫిర్యాదుల నెంబరు 198కి ఫోన్ చెయ్యండి. "సిగ్నల్ లేదండీ" అంటే రీస్టార్ట్ చెయ్యమంటారు. ఊరు, వీధి, టైములు చెప్పి, ఫిర్యాదు నెంబరు అడిగి రాసుకోండి. పని జరక్కపోతే అదే కంపెనీలో అప్పీలుకు వెళ్లొచ్చు, అక్కడ మొదట అడిగేది ఆ నెంబరే.