కాగితం ఇరుక్కోకపోయినా 'పేపర్ జామ్' అంటున్న ఇంక్‌జెట్ ప్రింటర్‌ను బాగుచేసుకోవడం ఎలా?

ట్రేలో కాగితాలన్నీ తీసేశారు. మూత ఎత్తి చూస్తే లోపల చిన్న ముక్క కూడా కనబడలేదు. స్విచ్ ఆపి మళ్ళీ వేశారు. అయినా అదే ఎర్రర్. ఇంట్లో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లకు ఇది మామూలే. బోర్డు పోయిందని కంగారుపడి కొత్తది కొనే ముందు ఒక అరగంట కేటాయించండి. చాలాసార్లు తడి గుడ్డ, టార్చిలైటు, పట్టకారు సరిపోతాయి.

ముందు ఒక విషయం తెలియాలి. లోపల కాగితం ఇరుక్కుందా లేదా అని ప్రింటర్ నేరుగా చూడలేదు. దానికి తెలిసేవి మూడే: కాగితం దారిలో ఉన్న చిన్న ప్లాస్టిక్ మీట నొక్కుకుందా లేదా, ఇంకు చల్లే హెడ్‌ను మోస్తూ అటూ ఇటూ జరిగే క్యారేజ్ చెప్పినంత దూరం కదిలిందా లేదా, రోలర్లు తిరగాల్సినంత తిరిగాయా లేదా. వీటిలో ఏ లెక్క తప్పినా చాలా ప్రింటర్లు 'పేపర్ జామ్' అనే ఒక్క మాటే చెబుతాయి. అందుకే ఎర్రర్‌లోని మాట కన్నా, అది ఏ క్షణంలో వస్తోందన్నదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

చిన్న తెర ఉన్న మోడళ్ళలో కోడ్ కొంత సాయం చేస్తుంది. హెచ్‌పీ డెస్క్‌జెట్ చిన్న ప్రింటర్లలో ఈ4 అంటే పేపర్ జామ్, ఈ3 అంటే క్యారేజ్ ఆగిపోయిందని. కానన్ జీ సిరీస్‌లో ఈ03 పేపర్ జామ్, పీ02 క్యారేజ్ కదలిక తప్పిందని. ఎప్సన్ ఎల్3110 లాంటి వాటిలో పేపర్ లైటు నిలకడగా వెలిగితే కాగితం లేదనో, ఒకేసారి రెండు మూడు షీట్లు వెళ్ళాయనో అర్థం. అది మిణుకుమిణుకుమంటే జామ్.

ఎప్పుడు వస్తోందో గమనించండి

ట్రే ఖాళీ చేసి ప్రింటర్‌ను ఆన్ చేయండి. చెవి పెట్టి వినండి.

ఆన్ చేయగానే, కాగితం పెట్టకముందే ఎర్రర్ వస్తే తప్పు క్యారేజ్ వైపు గానీ, మీట దగ్గర గానీ ఉంటుంది. ఆన్ అయినప్పుడు బాగానే ఉండి, కాగితం లాగేటప్పుడు వస్తే ట్రే నుంచి కాగితాన్ని లోపలికి లాగే పికప్ రోలర్‌నో, కాగితాన్నో, వెనక ట్రేలో పడిన వస్తువునో అనుమానించండి. సగం అచ్చయ్యాక ఆగిపోతే బయటికొచ్చే దారిని, వెనక మూతను, క్యారేజ్ వెనకుండే పారదర్శక పట్టీని చూడాలి.

ఇంకో చిన్న పరీక్ష. కాపీ బటన్ ఉన్న ప్రింటర్ అయితే యూఎస్‌బీ కేబుల్ తీసేసి ఒక కాపీ తీయండి. కాపీ చక్కగా వచ్చిందంటే ప్రింటర్‌లో లోపం లేనట్టే. పాత ప్రింట్ పని కంప్యూటర్‌లో క్యూలో చిక్కుకుని ఉంటుంది. క్యూ అంతా రద్దు చేసి, విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను (ప్రింట్ పనులను వరసగా పంపే ప్రోగ్రాము) రీస్టార్ట్ చేస్తే సరి.

చేయి పెట్టే ముందు

ప్లగ్ గోడ నుంచి తీసేయాలి. ప్రింటర్ మీది బటన్ నొక్కి ఆపితే చాలదు. క్యారేజ్ ఉన్నట్టుండి కదిలితే వేలు నలుగుతుంది.

ఆపినప్పుడు చాలా మోడళ్ళలో క్యారేజ్ కుడి చివరికి వెళ్ళి లాక్ అయిపోతుంది, చేత్తో తోస్తే రాదు. బలవంతం చేయకండి. ప్రింటర్‌ను ఆన్ చేసి, క్యారేజ్ మధ్యలోకి వచ్చిన క్షణంలో ప్లగ్ లాగేయండి. ఇప్పుడు అది వేలితో తోస్తేనే అటూ ఇటూ తేలిగ్గా జరుగుతుంది. అయితే ఇలా ఉన్నంతసేపూ హెడ్‌కు మూత ఉండదు, అందులోని ఇంకు ఎండిపోవడం మొదలవుతుంది. పని అరగంటలో ముగించుకోండి. రాత్రంతా అలా వదిలేస్తే జామ్ పోయినా హెడ్ పూడుకుపోయిన కొత్త తలనొప్పి మిగులుతుంది.

ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ను తలకిందులు చేసి దులపడం, పక్కకు వంచడం అస్సలు వద్దు. ఇంకు లోపలికి కారుతుంది. లోపలి వస్తువు ఏదైనా పట్టకారుతోనే తీయాలి.

తుడవడానికి కళ్ళజోడు గుడ్డలాంటి నూగు రాలని గుడ్డ తీసుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే డిస్టిల్డ్ వాటర్ దీనికి బాగా పనికొస్తుంది. కొనేటప్పుడు అది యాసిడ్ కాదని సీసా మీద చూసుకోండి. కుళాయి నీళ్ళు ఆరాక తెల్లటి మరకలు వదులుతాయి.

ఆన్ చేయగానే ఎర్రర్ వస్తుంటే

మొదట మీటను చూడండి. వెనక ట్రే లోపల గానీ, రోలర్ల మధ్య గానీ వేలి గోరంత నల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి నిలబడి ఉంటుంది. కాగితం వచ్చి తోస్తే వంగుతుంది, కాగితం వెళ్ళిపోగానే స్ప్రింగు దాన్ని మళ్ళీ లేపుతుంది. మందపాటి విజిటింగ్ కార్డు అంచుతో మెల్లగా నొక్కి వదలండి. చటుక్కున లేచి నిలబడాలి. వంగే ఉండిపోతే లోపల కాగితం ఉన్నట్టే ప్రింటర్ లెక్క. ఆన్ అయిన ప్రతిసారీ ఆ లేని కాగితాన్ని బయటికి నెట్టడానికి రోలర్లను కాసేపు తిప్పి, చివరికి జామ్ అని తేలుస్తుంది. మీట కింద చిటికెడు కాగితం ముక్క ఉన్నా, స్ప్రింగు జారినా ఇదే జరుగుతుంది. టార్చి వేసి చూసి, ముక్క ఉంటే పట్టకారుతో తీయండి.

ఆ ముక్క అక్కడికి ఎలా వచ్చిందంటే, గతంలో కాగితాన్ని విసురుగా లాగడం వల్లే. ఇరుక్కున్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, అది వెళ్ళే దిశలోనే నెమ్మదిగా లాగాలి. బయటికొచ్చాక బల్ల మీద పరిచి నాలుగు మూలలూ ఉన్నాయో లేదో చూసుకోండి. మూల ఒకటి తక్కువైతే అది లోపలే ఉంది.

మీట బాగుంటే క్యారేజ్ దగ్గరికి రండి. ఈ ఎర్రర్ కథంతా ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది, తెలిసిన మెకానిక్కులు కూడా కొన్నిసార్లు ఇది చూడకుండా బోర్డు మీదికి పోతారు.

క్యారేజ్ వెనకగా, ఎడమ చివర నుంచి కుడి చివర దాకా పల్చటి పారదర్శక ప్లాస్టిక్ పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. దీన్ని ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. కంటికి కాస్త బూడిదరంగుగా కనిపిస్తుంది గానీ, దాని మీద వెంట్రుకవాసి గీతలు వరసగా ఉంటాయి. క్యారేజ్ వెనకున్న సెన్సర్ వెలుతురు పంపి ఆ గీతలను లెక్కపెడుతూ పోతుంది. తానెక్కడున్నదీ క్యారేజ్‌కు అలాగే తెలుస్తుంది. పట్టీ మీద ఇంకు తుంపరో, జిడ్డు వేలిముద్రో పడితే అక్కడ లెక్క తప్పుతుంది. మోటారు తిరుగుతున్నా క్యారేజ్ కదలడం లేదని, ఏదో అడ్డుపడిందని ప్రింటర్ అనుకుంటుంది.

క్యారేజ్ ప్రవర్తనే ఆనవాలు పట్టిస్తుంది. విసురుగా వెళ్ళి పక్క గోడకు టక్కున కొట్టుకుని ఆగితే, సెన్సర్‌కు పట్టీ అసలు కనబడడం లేదు. ప్రతిసారీ ఒకే చోట ఆగితే, ఆ చోట మరకో అడ్డో ఉంది. కొంచెం కదిలి కుడి చివరే గిలగిలలాడితే, హెడ్ కూర్చునే రబ్బరు మూత దగ్గర ఇంకు ముద్దకట్టి పట్టేసి ఉండవచ్చు. అక్కడ గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ నాలుగైదు చుక్కలు వేసి, నానాక గుడ్డ అంచుతో అద్ది తీయండి.

పట్టీని తుడిచే పద్ధతి:

1. క్యారేజ్‌ను ఎడమకు జరపండి, కుడి సగం అందుతుంది.
2. గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి గట్టిగా పిండండి. నీళ్ళు కారకూడదు.
3. గుడ్డను మడిచి పట్టీని రెండు మడతల మధ్య తేలిగ్గా పట్టుకుని, మధ్య నుంచి చివరికి తుడవండి. లాగితే చివరి కొక్కెం నుంచి ఊడుతుంది.
4. పొడి గుడ్డతో అదే మళ్ళీ చేయండి. తర్వాత క్యారేజ్‌ను కుడికి జరిపి ఎడమ సగం తుడవండి.
5. వెనక నుంచి టార్చి వేసి, మరక మిగలలేదని చూసుకోండి.

స్పిరిట్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి. కొన్ని పట్టీల మీది గీతలే చెరిగిపోతాయి, అలా చెరిగితే పట్టీ మార్చడం తప్ప దారి లేదు. పొరపాటున పట్టీ ఊడితే తిరిగి తగిలించేటప్పుడు అది క్యారేజ్ వెనకున్న సన్నటి చీలిక లోంచి వెళ్ళాలి. చీలిక బయట నుంచి తగిలిస్తే చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, ఆన్ చేయగానే క్యారేజ్ వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. పక్కనే ఉన్న తెల్లటి వెడల్పాటి కేబుల్‌ను ముట్టుకోకండి.

పట్టీ శుభ్రంగానే ఉన్నా క్యారేజ్ బరువుగా కదులుతుంటే రెండు చోట్లు చూడండి. ట్యాంక్ ప్రింటర్లలో ఇంకు గొట్టాలు క్యారేజ్‌తో పాటు కదులుతాయి. వాటిని పట్టి ఉంచే క్లిప్పు నుంచి గొట్టం ఒకటి జారితే అదే అడ్డం పడుతుంది, మళ్ళీ క్లిప్పులో కూర్చోబెడితే చాలు. రెండోది క్యారేజ్ జారే ఇనుప కడ్డీ. పాత గ్రీజు దుమ్ముతో కలిసి గట్టిపడి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజు పల్చగా రాయండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే వద్దు. అవి కారి పట్టీ మీద పడితే కథ మొదటికొస్తుంది.

కార్ట్రిడ్జ్ ఉన్న ప్రింటర్ అయితే కార్ట్రిడ్జ్ మూత పూర్తిగా పడిందో లేదో నొక్కి చూడండి. కొంచెం పైకి లేచి ఉన్నా క్యారేజ్ పై భాగానికి తగులుతుంది.

కాగితం లాగేటప్పుడు వస్తుంటే

వెనక ట్రే ఉన్న ప్రింటర్లలో పైనుంచి పడనిది లేదు: పెన్ను మూత, జడపిన్ను, స్టేపుల్ పిన్ను, పిల్లల పెన్సిల్ ముక్క. టార్చి నేరుగా కిందికి వేసి చూడండి. కొన్నాళ్ళు వాడకుండా వదిలేసిన ప్రింటర్‌లో బొద్దింకలు చేరి ఉండడం కూడా మన ఇళ్ళలో వింతేం కాదు.

ఏమీ లేకపోతే పికప్ రోలర్. దాని రబ్బరు మీద కాగితపు పొడి పేరుకుని నున్నగా మెరుస్తుంటే పట్టు ఉండదు. కాగితం వంకరగా వెళ్తుంది, లేదా సగంలో జారుతుంది. తడి గుడ్డతో రబ్బరు చుట్టూ తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. కానన్ వాటిలో మెయింటెనెన్స్ మెనూలో రోలర్ క్లీనింగ్ అని విడిగా ఉంటుంది, ముందు దాన్ని నడపండి.

ఇక కాగితం సంగతి. వానాకాలంలో విప్పిన కట్ట గాలిలోని తేమ పీల్చి అంచులు అలలుగా తేలుతాయి, షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. 75 లేదా 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితం వాడండి, మిగిలిన కట్టను పాలిథిన్ కవర్లో మూతిగట్టి పెట్టండి. పెట్టే ముందు షీట్లను పేకముక్కల్లా విడదీసి, అంచులు సమం చేసి, ట్రే నిండా కాకుండా ఇరవై ముప్పై పెట్టండి. పక్క గైడ్ కాగితాన్ని తాకితే చాలు, బిగించకూడదు. ఒకవైపు అచ్చయిన రఫ్ కాగితాలు పొదుపే గానీ, వాటి వంపులూ స్టేపుల్ రంధ్రాలూ జామ్‌కు సొంత చుట్టాలు. వాడాల్సివస్తే ఒక్కొక్కటిగా పెట్టండి.

సగంలో ఆగుతుంటే

వెనక మూత తీసి, ముక్కలుంటే ఏరి, రెండు చివరలా క్లిక్‌మనేలా బిగించండి. ఒక పక్క లేచి ఉన్నా కాగితం అక్కడే మడతపడుతుంది. ముందుకు వచ్చే ట్రేకు అడ్డంగా గోడ గానీ కేబుల్ గానీ లేకుండా చూడండి. చివర్లో ఎడమ పక్క పళ్ళచక్రాల దగ్గర గుండ్రటి పారదర్శక బిళ్ళ కనబడితే, అది కాగితం కదలికను లెక్కపెట్టేది. దాని మీదా ఇంకు మరక పడవచ్చు, పొడవాటి పట్టీలాగే జాగ్రత్తగా తుడవాలి.

ఇంటర్నెట్‌లో దొరికే రీసెట్టర్ ప్రోగ్రాముల జోలికి వెళ్ళకండి. అవి వ్యర్థ ఇంకును పీల్చుకునే ప్యాడ్ ఎంత నిండిందో లెక్కపెట్టే కౌంటర్‌ను సున్నా చేయడానికి ఉద్దేశించినవి, జామ్‌కు వాటితో సంబంధం లేదు. పైగా ఊరూపేరూ లేని సైట్ల నుంచి దింపుకుంటే వైరస్ వెంట రావచ్చు.

అన్నీ అయ్యాక క్యారేజ్‌ను చేత్తో కుడి చివరికి చేర్చి, ప్లగ్ పెట్టి, ట్రే ఖాళీగానే ఆన్ చేయండి. క్యారేజ్ అటూ ఇటూ వెళ్ళి మెత్తగా కుడివైపు కూర్చోవాలి. తర్వాత ఐదు కొత్త కాగితాలు పెట్టి వరసగా ఐదు కాపీలు తీయండి. ఒకటి బాగా వచ్చిందని ఆగవద్దు, అప్పుడప్పుడూ వచ్చే జామ్ మూడో నాలుగో కాగితానికి బయటపడుతుంది.

పళ్ళచక్రాలు కటకటమని చప్పుడు చేస్తుంటే, మీట విరిగిపోయి ఉంటే, తుడిచిన పట్టీ మీద గీతలు చెరిగిపోయి కనిపిస్తే రిపేరు షాపుకు తీసుకెళ్ళండి. ఎర్రర్ ఏ క్షణంలో వస్తోందో, మీరు ఏమేం తుడిచారో మెకానిక్‌కు చెప్పండి. అతని సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి. ట్యాంక్ ప్రింటర్ అయితే ట్యాంకు మూతలన్నీ గట్టిగా నొక్కి, ఆటోలో వెళ్ళేటప్పుడు బల్లపరుపుగా ఒళ్ళో పెట్టుకోండి. సీటు మీద ఒరగబెడితే షాపు చేరేలోపే ఇంకు కారిపోతుంది.