మూత్రం పైపు ఇన్ఫెక్షన్లు: వార్డులో ఎలా లెక్కపెట్టాలి, ఎలా ఆపాలి?

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారిని, దుప్పటి తీయకముందే "ఈ పేషెంటుకి కాథెటర్ (మూత్రం పైపు) ఉందాండీ?" అని అడిగి చూడండి. 2000లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఇలాగే అడిగారు. పైపు ఉన్న పేషెంట్ల గురించి అడిగితే, నూటికి 28 సార్లు ఆ సంగతి డాక్టర్లకు తెలియదని తేలింది. మరిచిపోయిన పైపును ఎవరూ తీయరు. అది లోపల ఉన్నన్నాళ్లూ, రోజుకి 3 నుంచి 7 శాతం చొప్పున మూత్రంలోకి బ్యాక్టీరియా చేరే అవకాశం ఉంటుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరిపోతుంది. అందుకే ముందుగా పైపు ఉన్న రోజులు లెక్కపెట్టాలి.

1. రోజూ ఒకే టైముకి తలలు లెక్కపెట్టండి

రిజిస్టరులో రెండే అంకెలు: వార్డులో పేషెంట్లు ఎంతమంది, వాళ్లలో కాథెటర్ ఎంతమందికి ఉంది. కండోమ్ కాథెటర్ (లోపలికి పోకుండా పైన తొడిగేది), పొత్తికడుపు మీద నుంచి వేసిన పైపు ఈ లెక్కలోకి రావు. నెలాఖరున కూడితే పేషెంట్ డేస్, కాథెటర్ డేస్ వస్తాయి.

2. ఏది ఇన్ఫెక్షనో ముందే తేల్చుకోండి

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిర్వచనం చాలాచోట్ల వాడుతున్నారు. పైపు వేసి రెండు రోజులు దాటాలి. ఇన్ఫెక్షన్ బయటపడిన రోజున పైపు ఉండాలి, లేదా అంతకు ముందురోజే తీసి ఉండాలి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, పొత్తికడుపు నొక్కితే నొప్పి, నడుం పక్కల నొప్పి లాంటి లక్షణం ఒకటైనా కనిపించాలి. కల్చర్‌లో (మూత్రంలోని సూక్ష్మజీవుల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) మిల్లీలీటరుకి లక్ష, ఆపైన బ్యాక్టీరియా రావాలి, రెండు రకాలకు మించి ఉండకూడదు. ఒక్క కాండిడా ఫంగస్ మాత్రమే వస్తే లెక్కలో వేయరు.

శాంపిల్ బ్యాగ్‌లోంచి తీయకండి. గొట్టం మీద దానికోసమే పోర్ట్ ఉంటుంది, దాన్ని తుడిచి సిరంజితో తీయాలి. పైపు వేసి రెండు వారాలు దాటితే, కొత్తది వేశాక దాని నుంచి తీయాలి. మూత్రం చిక్కగా ఉందనో, వాసన వస్తోందనో మాత్రమే కల్చర్‌కి పంపకండి. పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది, దానికి అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది.

3. రేటు కట్టండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్మకండి

ఒక ఐసీయూలో నెలకి 540 పేషెంట్ డేస్, 360 కాథెటర్ డేస్, 2 ఇన్ఫెక్షన్లు అనుకుందాం. 2ని 360తో భాగించి 1000తో గుణిస్తే 5.6. వెయ్యి కాథెటర్ రోజులకి అన్ని ఇన్ఫెక్షన్లు అన్నమాట.

తర్వాతి నెలలో అవసరం లేని పైపులన్నీ తీసేశారు. కాథెటర్ డేస్ 180కి తగ్గాయి, ఇన్ఫెక్షన్ ఒక్కటే వచ్చింది. రేటు? మళ్లీ 5.6! సగానికి సగం తగ్గినా కాగితం మీద ఏమీ మారలేదు. ఇది చూసి "ఇంత చేసినా లాభం లేదు" అని సిస్టర్లు నీరుగారిపోతారు. కాబట్టి పక్కనే ఇంకో అంకె రాయండి: కాథెటర్ డేస్‌ని పేషెంట్ డేస్‌తో భాగించగా వచ్చేది. మొదటి నెల 0.67, రెండో నెలా 540 పేషెంట్ డేసే అయితే 0.33. అసలు పని కనిపించేది ఇక్కడే.

4. పొద్దున్నే ఒక ప్రశ్న: ఈ పైపు ఈరోజు ఎందుకు?

మూత్రం ఆగిపోవడం, గంటగంటకీ కొలవాల్సిన పరిస్థితి, కొన్ని ఆపరేషన్లు, మూత్రం పట్టు లేనివాళ్లకి పిర్రల దగ్గర పుండు. ఇవి సరైన కారణాలు. "పక్క తడుస్తోంది, మాటిమాటికీ మార్చలేం" అన్నది కారణం కాదు. కారణం దొరకకపోతే సిస్టరే తీసేయగలిగేలా ముందే రాతపూర్వక అనుమతి ఉంటే మేలు. ఆర్డర్ కోసం ఆగితే ఇంకో రోజు గడిచిపోతుంది.

5. ఉంచక తప్పనప్పుడు

స్టెరైల్ గ్లోవ్స్‌తో, పని జరిగేంతలో సన్నని పైపు వేయండి, తొడకి కట్టండి. పైపుకీ బ్యాగ్‌కీ మధ్య జాయింట్ ఊడదీయకండి. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీద పేషెంటు పొట్టపైనే బ్యాగ్ పెట్టేస్తుంటారు, మూత్రం వెనక్కి పోయేది అప్పుడే. బయల్దేరే ముందు ఖాళీ చేయండి. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఒకే జగ్గు పట్టుకుని బెడ్ బెడ్‌కీ తిరగడం. ఎవరి జగ్గు వాళ్లకే ఉండాలి, మధ్యలో చేతులు కడుక్కోవాలి. పైపు లోపలికి వెళ్లే చోట రోజూ సబ్బు నీళ్లతో శుభ్రం చేస్తే చాలు. ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్స్, వారం వారం పైపు మార్చడం అక్కర్లేదు.

ఇంటివాళ్లు కూడా "ఇంకా అవసరమా సిస్టర్?" అని రోజూ అడగొచ్చు, తప్పేం లేదు. అయితే సొంతంగా మాత్రం లాగకండి, లోపల నీళ్లు నింపిన బెలూన్ ఉంటుంది. పైపు తీశాక ఆరు గంటల్లోపు మూత్రం రాకపోతే, లేదా పొత్తికడుపు ఉబ్బితే వెంటనే చెప్పండి.