దసరాకి స్విఫ్ట్ ఇచ్చేసి పాత పోలో జీటీ టీఎస్ఐ కొంటున్నారా? ముందు ఇవి చూడండి

ముందు గేర్‌బాక్స్. 2013లో వచ్చిన 1.2 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) పోలోకి ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. అందులో గేర్లు మార్చే కంట్రోల్ భాగం, అదే మెకట్రానిక్ యూనిట్, పోతే బిల్లు లక్షల్లోకి వెళ్లొచ్చు. ఖాళీ రోడ్డు మీద అన్నీ బాగానే నడుస్తాయి. అందుకే బండి వేడెక్కాక సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట పాకించండి. కుదుపు, రివర్స్ పడటంలో ఆలస్యం, మీటర్‌లో గేర్ అక్షరం మిణుకుమనడం... వీటిలో ఏది కనిపించినా వదిలేయండి. 2020 నుంచి వచ్చిన 1.0 జీటీ ఆటోమేటిక్‌లో దీని బదులు టార్క్ కన్వర్టర్ (క్లచ్‌లకు బదులు ఆయిల్‌తో శక్తిని అందించే ఆటోమేటిక్) ఉంటుంది. బడ్జెట్ సరిపోతే నా ఓటు దానికే.

రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేశారా అని అడగండి. పవర్ పెంచితే క్లచ్ త్వరగా అరుగుతుంది, బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్‌కీ ఇబ్బందే. "స్టాక్‌కి (కంపెనీ సెట్టింగ్‌కి) మార్చేశాం" అన్నా, అప్పటిదాకా పడిన అరుగుదల పోదు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే.

కేఏ (కర్ణాటక) నంబర్ బండి చవకగా దొరికిందని మురిసిపోకండి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క ముందే వేసుకోండి.

ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (ఆర్సీలోంచి ఆ పేరు తీసేయించే ఫారం) చేతికొచ్చాకే మిగతా డబ్బు.

స్విఫ్ట్ అమ్మేటప్పుడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో వచ్చే తగ్గింపు) సర్టిఫికెట్ తీసుకోండి. అది బండిది కాదు, మీది.

టైరు మీద నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాతవైతే నాలుగు టైర్ల ధరా బేరంలో తగ్గించమనండి.