ఒక ప్రాంతపు వ్యవసాయ ఎగుమతులను పెంచడం ఎలా?

ఎగుమతులు పెంచాలనగానే చాలా చోట్ల ముందుగా సాగు విస్తీర్ణం పెంచే ప్రణాళిక వేస్తారు. అమ్మకం సంగతి దిగుబడి చేతికొచ్చాక చూసుకోవచ్చని అనుకుంటారు. నిజానికి లెక్క అవతలి రేవు నుంచి మొదలు కావాలి. కొనే దేశానికి ఏ రకం, ఏ సైజు, ఏ నెలల్లో కావాలో తేల్చుకున్న తరువాతే నాటే తేదీని నిర్ణయించుకోవాలి. తాజా పండ్ల వ్యాపారంలో చిలీ, పెరూ నిలదొక్కుకోవడానికి ఒక ముఖ్య కారణం, ఉత్తరార్ధగోళపు తోటల్లో కాపు లేని కాలానికి వాటి కోత అందిరావడం. సరుకులను గుర్తించడానికి కస్టమ్స్ వాడే హెచ్‌ఎస్ కోడ్‌లోని మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే కాబట్టి, ఏ దేశం ఏ పంటను ఎంత కొంటున్నదో ఐక్యరాజ్యసమితి వారి కామ్‌ట్రేడ్ గణాంకాల్లో ఎవరైనా చూసుకోవచ్చు. ఒకటి రెండు పంటలతో ఆరంభించడమే మేలు. పది పంటలను ఒకేసారి తలకెత్తుకుంటే దేనిలోనూ కంటైనర్ నిండేంత ఒకే నాణ్యత గల సరుకు సమకూరదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పురుగుమందుల అవశేషాల మీద. ఒక పంటపై ఒక మందుకు ప్రత్యేక పరిమితి నిర్ణయించని చోట యూరోపియన్ యూనియన్ సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాముల పరిమితిని వర్తింపజేస్తుంది. అంటే 100 టన్నుల సరుకులో ఒక్క గ్రాము. పక్క చేలో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చినా ఆ గీత దాటే ప్రమాదం ఉంది. అందుచేత వాడదగిన మందుల జాబితాను గమ్యదేశాన్ని బట్టి తయారు చేసి, ప్రతి కమతానికీ ఒక సంఖ్య ఇచ్చి, చివరి పిచికారీ తేదీని నమోదు చేయించాలి. కోతకు ముందే నమూనాను ఐఎస్‌ఓ 17025 (ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్షించాలి. కమతం సంఖ్యే పెట్టె మీద కూడా ఉంటే, తేడా వచ్చినప్పుడు ఒక్క కమతాన్ని పక్కన పెట్టి మిగిలిన రైతుల సరుకును కాపాడవచ్చు.

కోసిన పంటను వెంటనే చల్లబరచాలి. రీఫర్ కంటైనర్ (శీతల యంత్రం ఉన్న కంటైనర్) చల్లగా ఉన్న సరుకును అలాగే నిలుపుతుందే తప్ప, పొలం వేడిని త్వరగా లాగేయడానికి తయారైనది కాదు. అలాగని అతిచల్లదనమూ పనికిరాదు: సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే అరటి తొక్క రంగు చెడుతుంది. విదేశీ ప్రదర్శనల్లో స్టాళ్ల మీద పెట్టే సొమ్ము ముందుగా పొలాల దగ్గర ప్రీకూలింగ్ (రవాణాకు ముందే చల్లబరచే సదుపాయం) ఉన్న ప్యాక్‌హౌస్ (సరుకును వేరుచేసి పెట్టెల్లో సర్దే కేంద్రం) మీద పెట్టడం మంచిది.

ప్యాకింగ్, కాగితాల విషయంలో రెండు జాగ్రత్తలు ముఖ్యం. చెక్క ప్యాలెట్లను వేడితో శుద్ధి చేయించేటప్పుడు, చెక్క ప్యాకింగ్ ద్వారా పురుగులు వ్యాపించకుండా ఉంచే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌పీఎం 15 ప్రకారం చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు నిలిచిందని, ముద్ర పడిందని చూసుకోవాలి. లెటర్ ఆఫ్ క్రెడిట్ (పత్రాలు సరిగా ఉంటే సొమ్ము చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) మీద బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. కాబట్టి ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం), మొక్కల ఆరోగ్య ధ్రువపత్రాలలో వివరాలు ఒకదానితో ఒకటి పొసగాలి.

సరిహద్దుల్లో ఆగిపోయిన సరుకుల వివరాలను యూరోపియన్ యూనియన్ తన ఆహార భద్రతా హెచ్చరికల వ్యవస్థ అయిన ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్ పోర్టల్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. పోటీ ప్రాంతాల సరుకు ఏ మందు వల్ల ఆగిందో ప్రతి వారం చూసి, ఆ మందును మన జాబితాలో వెంటనే పరిశీలించే బాధ్యతను ఒక ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించాలి.