పాత తేలికపాటి ల్యాప్‌టాప్‌లు: సేకరణ, సంరక్షణ

ముప్పై ఏళ్ల నాటి ల్యాప్‌టాప్ చేతికి రాగానే అడాప్టర్ తగిలించి, తెర వెలుగుతుందో లేదో చూడాలనిపించడం సహజమే గాని, ఆ తొందరే చాలా యంత్రాలను బలిగొంటుంది. ముందు దాన్ని విప్పి, లోపలి బ్యాటరీల సంగతి చూడాలి.

ఏది కొనాలన్న విషయానికొస్తే, 1993 నాటి హెచ్‌పీ ఆమ్నిబుక్ 300, మూత తెరుస్తుంటే రెండు ముక్కల కీబోర్డు జరిగి వెడల్పయ్యే 1995 నాటి ఐబీఎం థింక్‌ప్యాడ్ 701, కిలో కూడా తూగని 1996 నాటి తోషిబా లిబ్రెట్టో 20 మంచి ఆరంభాలు. ఈ తరగతి యంత్రాలలో బరువు తగ్గించడానికి ఫ్లాపీ డ్రైవ్‌ను, తరచు కొన్ని పోర్టులను కూడా వెలుపలికి తీసేశారు. ఇప్పుడు యంత్రం కంటే ఆ విడిభాగాలు దొరకడమే కష్టం. అందువల్ల పైన గీతలున్నా సరే, అడాప్టరూ డ్రైవూ కలిసి వచ్చేదాన్నే ఎంచుకోవాలి.

ప్రధాన బ్యాటరీని తీసేయడం తేలిక. లిథియం ప్యాక్ ఉబ్బి ఉంటే నొక్కకుండా, గుచ్చకుండా ఈ-వ్యర్థాల సేకరణకు అప్పగించాలి. అసలు చేటు మదర్‌బోర్డు మీదనో, సన్నని తీగలతో ఓ మూలనో ఉండే చిన్న బ్యాకప్ బ్యాటరీ చేస్తుంది. అది నికెల్ రకానిదైతే, అందులోని క్షారం కాలక్రమాన కారి, రాగి దారులను తినేస్తూ పచ్చని చిలుముగా బయటపడుతుంది. తీగ తొడుగు లోపలి నుంచి కూడా పాకుతుంది కనుక, బ్యాటరీ చుట్టూ శుభ్రంగా కనిపించినా తీగ రెండో కొసనున్న కనెక్టరును పరీక్షించాలి. చిలుము ఉంటే వెనిగర్ అద్దిన దూదిపుల్లతో క్షారాన్ని విరిచి, వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరనివ్వాలి. బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ తాకగానే చేపల వాసన వస్తే, కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వచేసే చిన్న భాగాలు) కూడా కారాయన్నమాట. వాటిని మార్చక తప్పదు.

అడాప్టర్ వోల్టేజీని, ప్లగ్గు ధన ఋణాలను మల్టీమీటరుతో సరిచూశాకే స్విచ్ వేయాలి. మూతను ఒక మూల పట్టి లాగకుండా రెండు వైపులా పట్టుకుని నెమ్మదిగా ఎత్తాలి, ఎందుకంటే బిగుసుకున్న హింజ్ (మూత కీలు) కంటే పెళుసెక్కిన ప్లాస్టిక్కే ముందు విరుగుతుంది. జిగురుగా మారిన రబ్బరు పూతను ఆల్కహాల్ పూర్తిగా ఊడదీస్తుంది. దానితోపాటు పైనున్న అక్షరాలూ పోతాయి గనుక, నేనైతే అంత అవసరం లేకపోతే ముట్టుకోను.

హార్డ్ డిస్క్ ఇంకా పనిచేస్తుండగానే దాని ఇమేజ్ (అందులోని మొత్తం సమాచారపు నకలు) తీసి మరో చోట దాచి, రోజువారీ వాడకానికి డిస్క్ స్థానంలో తగిన కన్వర్టరుతో కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డు అమర్చుకోవచ్చు. పాత బయోస్ (యంత్రం ఆన్ కాగానే నడిచే మూల ప్రోగ్రాం) చాలావాటిలో డిస్క్ పరిమాణానికి 528 మెగాబైట్ల పరిమితి ఉంటుంది కాబట్టి పెద్ద కార్డు కొనడం దండగ. భద్రపరిచేటప్పుడు బ్యాటరీలను విడిగా ఉంచి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఎండ తగలని చోట పెట్టాలి. తెర నుంచి వెనిగర్ వాసన వస్తే పోలరైజర్ పొర (తెరలో కాంతిని వడగట్టే పలుచని ప్లాస్టిక్ పొర) కుళ్లుతోందని గ్రహించి, ఆ యంత్రాన్ని మిగతావాటికి దూరంగా, గాలి ఆడే అరలో ఉంచాలి.